కడలి దాకా వెళ్లే నీరు: రేచల్ కార్సన్ జీవితం

సరిహద్దు గ్రామాల్లో బతికే మనకు రాష్ట్రాల మధ్య గీత ఎక్కడుందో బాగా తెలుసు. బడిలో భాష మారే చోట, బస్సు రంగు మారే చోట, కాగితాల మీద ముద్ర మారే చోట అది మనకు ఎదురవుతూనే ఉంటుంది. నీటికి మాత్రం ఆ గీత తెలియదు. బళ్లారి, రాయచూరు సీమల పొలాలను తడిపిన తుంగభద్ర కృష్ణలో కలిసి కడలికి చేరుతుంది. గడ్చిరోలి అంచున పారే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. హోసూరు పక్కగా పోయే దక్షిణ పినాకిని కడలూరు దగ్గర, ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. యానాం అయితే గౌతమి ఒడ్డునే ఉంది. మన ఊళ్లు వేరైనా, మన పొలాల మీద కురిసిన వాన చివరకు చేరేది ఒక్క బంగాళాఖాతానికే.

ఆ నీటితో పాటు మరేం వెళుతోంది? కలుపు కోసం చల్లిన మందు గట్టు దాటి, కాలువ దాటి, ఏటి మొగ దాటి సముద్రపు నాచును తాకితే ఏమవుతుంది? ఇటువంటి ప్రశ్నలు వేయడం లోకానికి నేర్పినవారిలో అగ్రగణ్యురాలు అమెరికా దేశపు శాస్త్రవేత్త, రచయిత్రి రేచల్ కార్సన్. పురుగు మందుల మీద పుస్తకం రాసిన వ్యక్తిగా ఆమె పేరు చాలామంది విని ఉంటారు. అంతకు ముందు పాతికేళ్ల పాటు ఆమె సముద్రాన్ని చదువుకున్నారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. పొలంలో చల్లింది పొలంలోనే ఉండిపోదని ఆమెకు తెలియడానికి కారణం ఆ సముద్రపు చదువే.

ఏటి ఒడ్డున బాల్యం

రేచల్ కార్సన్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి రాబర్ట్, తల్లి మరియా. ముగ్గురు సంతానంలో ఆమె చివరి బిడ్డ. వారికి 65 ఎకరాల భూమి, ఒక తోట, కొన్ని పశువులు ఉండేవి. డబ్బుకు మాత్రం ఎప్పుడూ ఇబ్బందే. పెళ్లికి ముందు ఉపాధ్యాయురాలిగా పనిచేసిన తల్లి, కూతురిని చేయి పట్టుకొని తోటలో, అడవిలో తిప్పుతూ పక్షుల పేర్లూ పురుగుల పేర్లూ నేర్పారు. ఇంట్లోకి వచ్చిన పురుగును చంపకుండా బయట వదిలిపెట్టే స్వభావం ఆ తల్లిది. ఆ స్వభావమే కూతురికీ అబ్బింది.

ఊరి పక్కన అలిఘెని నది పారుతూ ఉండేది. ఒడ్డున జిగురు తయారుచేసే కర్మాగారం, విద్యుత్తు కేంద్రాలు వెలిశాయి. కర్మాగారపు దుర్వాసన ఊరంతా కమ్ముకునేది. మనుషులు తమ అవసరాల కోసం ఒక నదిని ఎలా మార్చగలరో ఆ పిల్ల పుస్తకాల్లో చదవకముందే కళ్లారా చూసింది. ఎనిమిదేళ్ల వయసు నుంచే ఆమె కథలు రాసేవారు. 1918లో ఒక పిల్లల పత్రికలో ఆమె తొలి కథ అచ్చయింది. రచయిత్రి కావాలన్నదే అప్పటి కోరిక. సముద్రాన్ని ఆమె అప్పటికి చూడలేదు. దాని గురించి చదివి, ఊహించుకొని మురిసిపోవడమే.

సముద్రం కనిపించిన వేళ

1925లో ఆమె పిట్స్‌బర్గ్‌లోని మహిళా కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చదవడానికి చేరారు. ఫీజుల కోసం తల్లి ఇంట్లోని పింగాణీ పాత్రలు అమ్మవలసి వచ్చింది. అక్కడ జీవశాస్త్రం బోధించే మేరీ స్కాట్ స్కింకర్ అనే అధ్యాపకురాలి పాఠాలు ఆమె దారిని మార్చాయి. సాహిత్యం వదిలి శాస్త్రం తీసుకుంటే ఆడపిల్లకు బతుకుతెరువు దొరకదని పెద్దలు హెచ్చరించినా వినకుండా ఆమె జీవశాస్త్రంలోకి మారారు. 1929లో పట్టభద్రురాలై, ఆ వేసవిలో మసాచుసెట్స్ తీరాన వుడ్స్ హోల్‌లో ఉన్న సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు వెళ్లారు. సముద్రాన్ని ఆమె తొలిసారి చూసింది అప్పుడే. ఇరవై రెండేళ్ల వయసులో జరిగిన ఆ తొలి పరిచయం జీవితాంతం వీడని బంధంగా మారింది.

1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి జంతుశాస్త్రంలో ఎం.ఎ. పట్టా పొందారు. పరిశోధన కొనసాగించి డాక్టరేట్ తీసుకోవాలన్న ఆశ నెరవేరలేదు. అవి అమెరికాలో ఆర్థిక మాంద్యం రాజ్యమేలుతున్న రోజులు. 1935లో తండ్రి హఠాత్తుగా మరణించారు. ఇంటి బరువు ఆమె భుజాల మీద పడింది.

కలమే కుటుంబానికి ఆధారం

ప్రభుత్వ మత్స్యశాఖలో ఆమెకు ముందుగా దొరికింది తాత్కాలికమైన పని. చేపలు, నీటి జీవుల గురించి రేడియోలో ప్రసారం చేసే చిన్న చిన్న ప్రసంగాలు రాయడం. శాస్త్రం తెలిసినవారికి రాయడం రాక, రాయడం వచ్చినవారికి శాస్త్రం తెలియక ఆగిపోయిన ఆ పనిని ఆమె సునాయాసంగా చేసి చూపారు. 1936లో ఉద్యోగ పరీక్షలో ప్రథమ స్థానంలో నిలిచి జలజీవ శాస్త్రజ్ఞురాలిగా శాశ్వత ఉద్యోగం పొందారు. ఆ శాఖలో అటువంటి హోదా పొందిన రెండవ మహిళ ఆమె.

మరుసటి ఏడాదే అక్క మరియన్ కన్నుమూశారు. అక్క కూతుళ్లు ఇద్దరి పోషణ కూడా ఆమెదే అయింది. పగలు ఉద్యోగం, రాత్రి రచన. 1941 నవంబరులో సముద్ర జీవుల కథగా ఆమె తొలి పుస్తకం అండర్ ది సీ విండ్ వెలువడింది. నెల తిరిగేసరికి అమెరికా యుద్ధంలోకి దిగడంతో ఆ పుస్తకాన్ని పట్టించుకున్నవారు లేరు. పదేళ్ల తరువాత, 1951లో, ది సీ అరౌండ్ అస్ వచ్చింది. సముద్రపు పుట్టుక, ప్రవాహాలు, ఆటుపోట్లు, లోతుల్లోని జీవం గురించి సామాన్యుడికి అర్థమయ్యేలా రాసిన ఆ గ్రంథం 86 వారాలు అత్యధికంగా అమ్ముడైన పుస్తకాల జాబితాలో నిలిచింది. 1952లో జాతీయ పుస్తక పురస్కారం లభించింది. ఆ ఏడాదే ఉద్యోగం వదిలి పూర్తికాలపు రచయిత్రి అయ్యారు.

నాచు లోకం

వచ్చిన డబ్బుతో ఆమె మెయిన్ రాష్ట్రంలోని సౌత్‌పోర్ట్ దీవిలో సముద్రానికి ఎదురుగా చిన్న ఇల్లు కట్టుకున్నారు. 1953 నుంచి ప్రతి వేసవీ అక్కడే. ఇరుగుపొరుగున పరిచయమైన డొరొతి ఫ్రీమన్ ఆమెకు ప్రాణస్నేహితురాలు అయ్యారు. నీరు తీసిన వేళ రాళ్ల మధ్య నిలిచిపోయే గుంటల్లోకి దిగి గంటల తరబడి జీవులను పరిశీలించడం ఆమె నిత్యకృత్యం. చల్లని నీటిలో నిలబడి కాళ్లు మొద్దుబారిపోతే, బొమ్మలు వేయడానికి వెంట వచ్చిన చిత్రకారుడు బాబ్ హైన్స్ ఆమెను ఎత్తుకొని ఒడ్డుకు చేర్చవలసి వచ్చిన సందర్భాలున్నాయి. సూక్ష్మదర్శిని కింద చూడడానికి ఇంటికి తెచ్చిన జీవులను, రాత్రి ఎంత పొద్దుపోయినా, తిరిగి వాటి చోటనే వదిలి వచ్చేవారు.

ఆ పరిశీలన ఫలితమే 1955లో వచ్చిన ది ఎడ్జ్ ఆఫ్ ది సీ. అందులో సముద్రపు నాచుకు పెద్ద స్థానమే ఉంది. నాచు అనగానే మనకు చెరువు మెట్ల మీద కాలు జార్చే పచ్చని పొర గుర్తుకు వస్తుంది. సముద్రంలో నాచు అంతకంటే చాలా పెద్ద లోకం. రాళ్లను పట్టుకొని తోలు పట్టీల్లా వేలాడే గోధుమరంగు నాచులు, కొంచెం లోతున గుబురుగా పెరిగే ఎర్ర నాచులు, ఇంకా లోతున చెట్లంత పొడవు సాగే కెల్ప్ అనే నాచులు ఉన్నాయి. నీరు తీసినప్పుడు రాతి నాచు తడి గుడ్డలా రాళ్ల మీద పరుచుకుంటుంది. ఆ తడి కింద నత్తలు, పీతలు, చిన్న పురుగులు ఎండకు మాడిపోకుండా పోటు కోసం ఎదురుచూస్తాయి. కెల్ప్ రాతిని పట్టుకునే వేరు వంటి ముడిలో ఒక ఊరంత జీవజాలం కాపురం ఉంటుంది. చేప పిల్లలకు ఆ నాచు గుబుర్లే ఊయల, అవే మేత.

మనకూ ఈ నాచుతో సంబంధం లేకపోలేదు. తమిళనాడులోని రామనాథపురం తీరంలో ఎందరో మహిళలు నీటిలో మునిగి నాచు ఏరుకొని జీవిస్తారు. గడ్డకట్టించే పదార్థమైన అగర్ తయారయ్యేది ఎర్ర నాచు నుంచే. ఐస్‌క్రీముల్లో, మందుల్లో నాచు నుంచి తీసిన పదార్థాలు వాడతారు. ఏ తీరంలోనైనా నాచు దెబ్బతింటే నష్టం సముద్రానికే కాదు, దాన్ని నమ్ముకున్న కుటుంబాలకు కూడా.

పొలాల మీద విషపు వాన

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో రసాయన మందుల వాడకం వెల్లువలా పెరిగింది. విమానాల నుంచి డి.డి.టి. చల్లేవారు. కార్సన్ 1945లోనే డి.డి.టి. దుష్ఫలితాల మీద వ్యాసం రాస్తానని ఒక ప్రముఖ పత్రికకు ప్రతిపాదించారు. పత్రిక ఆసక్తి చూపలేదు. ఆ విషయం ఆమె మనసులో పదమూడేళ్లు అలాగే ఉండిపోయింది.

1958 జనవరిలో మసాచుసెట్స్‌కు చెందిన మిత్రురాలు ఓల్గా హకిన్స్ నుంచి ఒక లేఖ అందింది. దోమల నిర్మూలన పేరిట విమానం నుంచి చల్లిన మందుకు తమ పక్షి ఆశ్రమంలో పక్షులు గిలగిల్లాడి చనిపోయాయని అందులో ఉంది. సముద్రం గురించి మరో పుస్తకం రాయాలని ఉన్నా, ఈ విషయం ఎవరో ఒకరు రాయక తప్పదని కార్సన్ నిశ్చయించుకున్నారు. మరెవరూ ముందుకు రాకపోవడంతో తానే పూనుకున్నారు.

అప్పటికి ఆమె ఇంటి పరిస్థితి తేలికగా లేదు. తాను పెంచిన అక్క కూతుళ్లలో ఒకరు 1957లో మరణించగా, ఆమె అయిదేళ్ల కొడుకును కార్సన్ దత్తత తీసుకున్నారు. యాభై ఏళ్ల వయసులో అక్క మనుమడికి తల్లి అయ్యారు. 1958 డిసెంబరులో కన్నతల్లి మరియా కన్నుమూశారు. ఒకవైపు బిడ్డ ఆలనాపాలనా, మరొకవైపు తల్లి లేని లోటు. వాటి మధ్య వందలాది శాస్త్ర నివేదికల పఠనం సాగింది.

గడ్డిని చంపే మందు

కార్సన్ పుస్తకం పురుగు మందుల గురించి మాత్రమేనని చాలామంది అనుకుంటారు. కలుపు మందుల కోసం అందులో ఒక అధ్యాయమే ఉంది. అప్పట్లో ఈ మందులు మొక్కలకే విషమని, మనిషికీ పశువుకూ ఏమీ కాదని కంపెనీలు ప్రచారం చేసేవి. 1959 నవంబరులో ఆ నమ్మకానికి తొలి గట్టి దెబ్బ తగిలింది. అమైనోట్రయజోల్ అనే కలుపు మందు అవశేషాలు క్రాన్‌బెర్రీ పండ్లలో కనిపించాయి. ఆ మందు ఎలుకలలో థైరాయిడ్ క్యాన్సర్ కలిగించినట్లు ప్రయోగాల్లో తేలి ఉండడంతో ప్రభుత్వం ప్రజలను హెచ్చరించింది. పండుగ ముందు పండ్ల అమ్మకాలు నిలిచిపోయాయి. ఈ వ్యవహారంపై జరిగిన విచారణలకు కార్సన్ స్వయంగా హాజరయ్యారు.

నీటి విషయంలో ఆమె చూపిన ఒక ఉదాహరణ రైతులకు మరీ ఆసక్తికరం. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ సమీపంలో యుద్ధ రసాయనాలు, తరువాత పురుగు మందులు తయారుచేసిన ఒక కర్మాగారం ఉండేది. దాని వ్యర్థాలు మడుగుల్లో నిల్వ చేసేవారు. కొన్నేళ్లకు మైళ్ల దూరంలోని రైతుల పైర్లు ఎండిపోసాగాయి, పశువులు జబ్బుపడ్డాయి. బావుల నీటిని పరీక్షిస్తే 2,4-డి అనే కలుపు మందు కనిపించింది. ఆ కర్మాగారంలో ఆ మందు ఎన్నడూ తయారు చేయలేదు. మడుగులో కలిసిన వేర్వేరు రసాయనాలు గాలి, నీరు, ఎండ సాయంతో తమంతట తామే ఆ మందుగా మారి భూగర్భ జలంతో ప్రయాణించాయని తేలింది. 2,4-డి పేరు మన వరి రైతులకు, చెరకు రైతులకు కొత్త కాదు.

ఏటి మొగల గురించి ఆమె రాసినది సముద్రం తెలిసిన మనిషి మాత్రమే రాయగలిగినది. నదీజలం, ఉప్పునీరు కలిసే చిత్తడి నేలలు చేపలకు, రొయ్యలకు, పీతలకు పురిటి గదులు. 1955లో ఫ్లోరిడాలో ఇసుక ఈగలను చంపడానికి సుమారు 2,000 ఎకరాల ఉప్పు చిత్తడి నేలల మీద డీల్డ్రిన్ అనే పురుగు మందు చల్లారు. 11 లక్షలకు పైగా చేపలు చచ్చి తేలాయి. పీతలు తుడిచిపెట్టుకుపోయాయి. ఒడ్డున చేసిన పని నీటిలో ఏ ఫలితం ఇస్తుందో చెప్పడానికి ఆమె ఎంచుకున్న సాక్ష్యం ఇది.

మందే వద్దని ఆమె ఎక్కడా వాదించలేదు. అవసరమైన చోట, అవసరమైన మొక్కకే, మనిషి చేత్తో మందు పెట్టడం వేరు, దారి పొడవునా గుడ్డిగా చల్లడం వేరు అని వివరించారు. ప్రకృతిలోనే ఉన్న ఉపాయాలను చూపారు. ఆస్ట్రేలియాలో కోట్ల ఎకరాలను ఆక్రమించిన నాగజెముడును, 1925లో అర్జెంటీనా నుంచి తెచ్చిన ఒక చిన్న రెక్కల పురుగు గొంగళ్లు కొన్నేళ్లలోనే తినివేసిన కథను ఆమె వివరంగా చెప్పారు.

రోగంతో పోరు, రాతతో పోరు

1960 వసంతంలో ఆమెకు రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. వైద్యుడు అసలు సంగతి ఆమెకు చెప్పలేదు. ఆ కాలంలో స్త్రీ రోగులకు నిజం చెప్పకపోవడం మామూలు. ఏడాది చివరకు వ్యాధి పాకిందని మరో వైద్యుని ద్వారా తెలుసుకున్నారు. అప్పటి నుంచి రేడియేషన్ చికిత్స, కీళ్ల నొప్పులు, కంటి బాధ. కొన్ని వారాలు చదవడమే సాధ్యం కాని స్థితి. రసాయనాలకూ క్యాన్సర్‌కూ సంబంధం గురించి రాస్తున్న మనిషికే ఆ రోగం ఉందని తెలిస్తే పక్షపాతంతో రాసిందని విమర్శకులు కొట్టిపారేస్తారు. అందుకే తన జబ్బును లోకానికి చెప్పకుండా దాచారు.

1962 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో మూడు భాగాలుగా, సెప్టెంబరు 27న పుస్తకంగా సైలెంట్ స్ప్రింగ్ వెలువడింది. మూగవోయిన వసంతం అని ఆ పేరుకు అర్థం. రసాయన పరిశ్రమ ఒక్కసారిగా ఆమె మీద విరుచుకుపడింది. ఒక కంపెనీ న్యాయస్థానానికి వెళతామని ప్రచురణకర్తను బెదిరించింది. పెళ్లి కాని స్త్రీకి రాబోయే తరాల గురించి బెంగ ఎందుకని వెటకారం చేసినవారున్నారు. డాక్టరేట్ లేదని తీసిపారేసినవారున్నారు. పురుగులు లోకాన్ని తినివేస్తాయని భయపెట్టినవారున్నారు. ఆమె మాత్రం గొంతు పెంచలేదు. పుస్తకం చివర యాభైకి పైగా పేజీల ఆధారాల పట్టిక ఉంది. దానికి మించిన జవాబు అవసరం లేదనుకున్నారు.

1963 ఏప్రిల్ 3న టెలివిజన్ కార్యక్రమంలో దేశమంతా ఆమెను చూసింది. విరోధులు వర్ణించిన ఆవేశపరురాలి బదులు నెమ్మదిగా, స్పష్టంగా, శాస్త్రీయంగా మాట్లాడే ఒక మహిళ కనిపించింది. మే నెలలో అధ్యక్షుడు కెన్నెడీ నియమించిన శాస్త్ర సలహా సంఘం ఆమె ఆందోళనను సమర్థిస్తూ నివేదిక ఇచ్చింది. జూన్ 4న సెనేట్ ఉపసంఘం ఎదుట ఆమె సాక్ష్యం చెప్పారు. అప్పటికే వ్యాధి ఎముకలకు పాకింది. ఆ సంగతి అక్కడ కూర్చున్నవారిలో చాలామందికి తెలియదు.

ఆ సెప్టెంబరులో ఒక ఉదయం ఆమె, డొరొతి కలిసి సముద్రపు ఒడ్డున కూర్చొని దక్షిణానికి వలస పోతున్న మొనార్క్ సీతాకోకచిలుకలను చూశారు. అవి తిరిగి రావు. వాటి జీవితం అక్కడితో ముగుస్తుంది. తన ఆయువు కూడా చివరికొచ్చిందని ఆమెకు తెలుసు. ఆ దృశ్యంలో తనకు విచారం కనిపించలేదని స్నేహితురాలికి లేఖ రాశారు. ఆ సీతాకోకచిలుక గొంగళ్లు తినేది మన జిల్లేడు కుటుంబానికి చెందిన ఒక మొక్క ఆకులనే. అమెరికా మొక్కజొన్న పొలాల్లో ఆ మొక్క కలుపే. తరువాతి కాలంలో కలుపు మందుల వల్ల అది పొలాల నుంచి దాదాపు మాయమై, సీతాకోకచిలుకల సంఖ్య తగ్గడానికి ఒక కారణమయింది.

1964 ఏప్రిల్ 14న మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో తన ఇంట్లో రేచల్ కార్సన్ కన్నుమూశారు. వయసు 56 ఏళ్లు. చితాభస్మంలో సగం తల్లి సమాధి పక్కన ఉంచారు. మిగిలిన సగం డొరొతి చేతుల మీదుగా మెయిన్ తీరపు రాళ్ల దగ్గర, ఆమె ప్రేమించిన సముద్రంలో కలిసింది.

ఆమె తరువాత

1970లో అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అక్కడ వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు. 1980లో ఆమెకు మరణానంతరం అమెరికా అత్యున్నత పౌర పురస్కారం లభించింది. మెయిన్ తీరంలోని ఉప్పు చిత్తడి నేలల అభయారణ్యం ఒకటి ఆమె పేరుతోనే ఉంది.

కలుపు మందు సముద్రపు నాచును ఎలా దెబ్బతీస్తుందో తేటతెల్లం అయింది ఆమె తరువాతి తరంలోనే. డయురాన్, అట్రజిన్ వంటి మందులు మొక్క ఆకులోకి చేరి, సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే యంత్రాంగంలో ఒక కీలకమైన మెట్టును మూసివేస్తాయి. ఎండ ఉన్నా వంట జరగదు. మొక్క చస్తుంది. పొలంలోని గడ్డికీ సముద్రంలోని నాచుకూ ఆ యంత్రాంగం ఒక్కటే. పొలంలో ఏది కలుపు, ఏది కాదు అన్నది రైతుకు తెలుసు. మందుకు తెలియదు. 2,4-డి పనిచేసే తీరు వేరు. అది మొక్క పెరుగుదలను గతి తప్పిస్తుంది. కాబట్టి అన్ని మందులూ నాచుకు ఒకే విధంగా చేటు చేస్తాయని చెప్పలేము.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ, నాగజెముడు కథ జరిగిన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమే. అక్కడి తీరం పొడవునా చెరకు తోటలు, ఎదురుగా సముద్రంలో పగడాల దిబ్బలు. వానాకాలపు వరదలు తోటల్లోని డయురాన్‌ను తీరజలాల్లోకి మోసుకెళ్లాయి. పది లక్షల లీటర్ల నీటిలో ఒకటి రెండు గ్రాములంత స్వల్ప మోతాదుకే కొన్ని సముద్రపు మొక్కలలో ఆహార తయారీ మందగించినట్లు ప్రయోగాల్లో తేలింది. పగడపు పిల్లలు స్థిరపడడానికి ఆధారమైన గులాబీ రంగు రాతి నాచు మీద 2005లో జరిగిన పరిశోధనలో మరొక సంగతి బయటపడింది. వరద తెచ్చిన ఒండ్రు, కలుపు మందు విడివిడిగా కంటే కలిసి వచ్చినప్పుడు ఎక్కువ హాని చేస్తున్నాయి. మన ఏళ్లు కూడా ఒండ్రును మోసుకెళ్లేవే. పరిశుభ్రమైన నీరు తిరిగి వస్తే చాలా నాచులు కోలుకుంటాయన్నది కూడా ప్రయోగాల్లోనే కనిపించింది. దెబ్బ తిరగరానిది కాకముందే ఆగితే మేలు అన్నమాట.

ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ 2011లో డయురాన్ వాడకంలో కొన్నింటిని నిలిపివేసి, 2012లో మోతాదు మీద, వానాకాలపు వాడకం మీద కఠినమైన ఆంక్షలు విధించింది. భూగర్భ జలాల్లో అవశేషాలు కనిపించిన కారణంగా యూరోపియన్ యూనియన్ 2004లో అట్రజిన్‌ను తొలగించింది.

మన ఏటి మాట

కూలీలు దొరకని రోజుల్లో కలుపు మందు వాడే రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. రేచల్ కార్సన్ కూడా రైతును ఎన్నడూ దోషిగా చూడలేదు. ఏం చల్లుతున్నామో, అది ఎక్కడికి పోతుందో తెలుసుకునే హక్కు చల్లేవాడికీ, ఆ నీటి దిగువన బతికేవాడికీ ఉందన్నదే ఆమె వాదన సారం. మబ్బు పట్టిన రోజున మందు చల్లకపోవడం, స్ప్రేయరును కాలువలో కడగకపోవడం, ఖాళీ డబ్బాలను ఏటిలో విసరకపోవడం, గట్టు వెంట కొంత గడ్డిని వడపోతగా ఉంచడం ఏ రైతుకైనా చేతిలో ఉన్న పనులే. ఇవి చేయడానికి ఏ రాష్ట్రపు అనుమతీ అక్కర్లేదు.

నదీ తీరపు పేద ఇంట్లో పుట్టి, ఇరవై రెండేళ్ల దాకా సముద్రం చూడని ఒక పిల్ల, ఆ నది చివరకు ఎక్కడికి చేరుతుందో తెలుసుకోవడానికి జీవితమంతా వెచ్చించింది. మన ఊరి ఏరు కూడా చివరకు చేరేది ఏదో ఒక నాచు తోటకే. అక్కడ దాగిన చేప పిల్ల తుంగభద్ర నీరు ఏది, వంశధార నీరు ఏది అని అడగదు. ఆ నీటిలో ఏమి కలిసి వచ్చిందన్నదే దానికి ముఖ్యం.